గాజు పగలగొట్టే రొయ్య వైరల్.. మరి మన మానేరు రొయ్య సంగతేంటి?

రీల్స్ స్క్రోల్ చేస్తుంటే ఎప్పుడో ఒకప్పుడు ఆ వీడియో కనిపించే ఉంటుంది. రంగురంగుల రొయ్య లాంటి జీవి ఒక్క పంచ్ ఇస్తుంది. ఎదురుగా ఉన్న పీత పెంకు పగిలిపోతుంది. కింద కామెంట్లలో రెండే ప్రశ్నలు. "ఇది నిజమేనా?" అని ఒకరు, "దీన్ని తినొచ్చా బ్రో?" అని ఇంకొకరు.

రెండింటికీ జవాబు ఒకటే.. అవును. దాని పేరు మాంటిస్ రొయ్య. కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల వాళ్లకు ఇది వలలో పడే ఛాన్స్ లేదు. ఎందుకంటే ఇది సముద్ర జీవి, మంచినీటిలో బతకదు. కానీ మన దగ్గర కూడా పొడవాటి నీలి కాళ్లతో, చూడగానే వీడియో తీయాలనిపించే రొయ్య ఒకటుంది. లోయర్ మానేరు, మిడ్ మానేరు, శ్రీరాంసాగర్ లాంటి ప్రాజెక్టుల్లో పిల్లలు వదిలి పెంచుతున్న మంచినీటి రొయ్య అది. ఆ రెండింటి శరీర నిర్మాణం పక్కపక్కన పెట్టి చూస్తే, మన మత్స్యకారులకు రొయ్య మీద లాభం ఎందుకు నిలకడగా రావడం లేదో కూడా అర్థమవుతుంది.

పేరులోనే రొయ్య.. కానీ రొయ్య కాదు!

మాంటిస్ రొయ్య అసలు రొయ్యే కాదు. మనం తినే రొయ్యలు, పీతలు, లాబ్‌స్టర్లు డెకాపొడా అనే వర్గంలోకి వస్తాయి. అంటే పది కాళ్ల జీవులు. మాంటిస్ రొయ్యలది స్టొమాటోపొడా అనే వేరే వర్గం. ప్రపంచంలో వీటిలో 450కి పైగా జాతులున్నాయి. రెండు వర్గాలూ కోట్ల ఏళ్ల కిందటే విడిపోయాయి. ఒక రకంగా దూరపు చుట్టాలు అన్నమాట.

శరీరం చూస్తే తేడా వెంటనే తెలుస్తుంది. రొయ్యకు తల, ఛాతీ భాగాన్ని ఒకే గట్టి పెంకు కప్పి ఉంచుతుంది. మాంటిస్‌కు ఆ పెంకు చిన్నది, వెనుక భాగం పొడవుగా, వెడల్పుగా, కాస్త చదునుగా ఉంటుంది. రొయ్య మొప్పలు పెంకు కింద దాగి ఉంటాయి. మాంటిస్ మొప్పలు పొట్ట కింద ఈదే కాళ్లకు ఉంటాయి. తోక చివర ముళ్లతో డాలు లాంటి పలక ఉంటుంది. చేత్తో పట్టుకుంటే కోసుకుపోయే రకం.

ఇక అసలు ఆయుధం.. ముందు వైపు మడిచి పెట్టుకునే రెండు కాళ్లు. పొలాల్లో కనిపించే మాంటిస్ పురుగు కాళ్లు ముడుచుకుని కూర్చున్నట్టే ఉంటుంది కాబట్టే దీనికి ఆ పేరు వచ్చింది. ఈ కాళ్లను బట్టి మాంటిస్ రొయ్యలు రెండు రకాలు. ఒకటి సుత్తితో కొట్టినట్టు కొట్టేవి. రెండోది బల్లెంతో పొడిచినట్టు పొడిచేవి.

ఆ పంచ్ వెనుక సీక్రెట్ ఇదే

వైరల్ వీడియోల్లో కనిపించేది ఎక్కువగా నెమలి మాంటిస్ రొయ్య. ఇది సుత్తి రకం. 2004లో అమెరికా శాస్త్రవేత్త షీలా పాటెక్ బృందం హైస్పీడ్ కెమెరాతో దీన్ని చిత్రీకరించింది. దెబ్బ వేగం సెకనుకు 23 మీటర్ల దాకా ఉన్నట్టు తేలింది. అంటే గంటకు 80 కిలోమీటర్లకు పైనే, అదీ నీళ్లలో!

ఒట్టి కండ బలంతో ఇంత వేగం సాధ్యం కాదు. విల్లును లాగి పట్టుకున్నట్టు, కాలి లోపల గుర్రపు జీను ఆకారంలో ఉన్న ఒక భాగాన్ని వంచి శక్తిని దాచుకుంటుంది. చిన్న కొక్కెం లాంటిది దాన్ని ఆపి ఉంచుతుంది. కొక్కెం వదలగానే కాలు దూసుకుపోతుంది. ఆ వేగానికి నీళ్లలో ఆవిరి బుడగలు పుట్టి పేలతాయి. అందుకే ఎరకు ఒకే దెబ్బలో రెండు దెబ్బలు. ఒకటి కాలిది, ఇంకోటి బుడగ పేలుడుది.

మరి అంత గట్టిగా కొట్టినా దాని కాలు ఎందుకు విరగదు? సుత్తి లోపల కైటిన్ పోగులు మెలికల మెట్ల మాదిరిగా, ఒక పొర మీద ఇంకో పొర కొద్దికొద్దిగా తిరుగుతూ పేర్చి ఉంటాయి. చిన్న పగులు వచ్చినా అది నేరుగా దూసుకుపోకుండా మెలికల్లో తిరిగి తిరిగి ఆగిపోతుంది. ఈ అమరికను చూసే గట్టి, తేలికైన పదార్థాలు తయారు చేసే ప్రయత్నాలు జరుగుతున్నాయి.

గాజు పగలగొట్టడం కూడా కట్టుకథ కాదు. 1998లో ఇంగ్లండ్‌లోని గ్రేట్ యార్మౌత్ అక్వేరియంలో టైసన్ అని పేరు పెట్టిన మాంటిస్ రొయ్య తన ట్యాంకు గాజును పగలగొట్టి వార్తల్లోకెక్కింది.

కళ్ల గురించీ చాలా ప్రచారం ఉంది. మనిషి కంటిలో రంగును గుర్తించే కణాలు 3 రకాలు. కొన్ని మాంటిస్ జాతుల్లో కాంతిని పట్టే కణాలు 12 నుంచి 16 రకాల దాకా ఉంటాయి. "అంటే మనకు కనిపించని వేల రంగులు చూస్తుంది" అని రీల్స్ చెప్తాయి. కానీ 2014లో వచ్చిన పరిశోధన వేరే మాట చెప్పింది. దగ్గర దగ్గర రంగుల మధ్య తేడా పట్టడంలో ఇది మనిషి కంటే వీక్ అని తేలింది. ఎక్కువ కణాలుంటే ఎక్కువ రంగులు తెలుస్తాయని కాదు, రంగును త్వరగా గుర్తుపట్టడానికి అవి ఉపయోగపడొచ్చని శాస్త్రవేత్తల అంచనా.

వీడియోలో హీరో వేరు.. వలలో పడేది వేరు

ఇక్కడే ఒక మెలిక ఉంది. మన దేశ తీరంలో ట్రాలర్ వలల్లో ఎక్కువగా పడేది నెమలి మాంటిస్ కాదు. ఒరటోస్క్విల్లా నెపా అనే బురద రంగు జాతి. జాలర్లు, అధికారులు స్క్విల్లా అంటారు. ఇది పొడిచే రకం. దీని దెబ్బ వేగం సుత్తి రకం కంటే చాలా తక్కువ, కళ్ల నిర్మాణమూ అంత క్లిష్టం కాదు. ఇసుక, బురదలో బొరియలు చేసుకుని ఉంటుంది. రొయ్యల కోసం వేసిన వలలో అదనంగా వచ్చి పడుతుంది.

జపాన్‌లో దీని దగ్గరి జాతిని షాకో పేరుతో సుషీలో పెడతారు. ఇటలీలో కనోకియా అంటారు. హాంకాంగ్, వియత్నాంలో పెద్ద సైజువి బతికుండగా కొంటే ధర గట్టిగానే ఉంటుంది. మన దగ్గర మాత్రం చాలా వరకు ఎండబెట్టి చేప పిండికి, ఎరువుకు పంపేస్తారు.

ఎందుకు? రుచి బాగాలేక కాదు. మాంసం తియ్యగా, మెత్తగా ఉంటుందని తిన్నవాళ్లు చెప్తారు. అసలు సమస్యలు మూడు. ఒకటి, మన వలల్లో పడేది చిన్న సైజు. రెండు, పెంకు అంచులు పదునుగా ఉండి మాంసాన్ని అంటిపెట్టుకుని ఉంటాయి. కత్తెర లేకుండా ఒలవడం కష్టం, ఒలిచాక చేతికొచ్చే మాంసం తక్కువ. మూడోది అన్నిటికంటే పెద్దది.. టైమ్. ఇది చనిపోగానే దాని శరీరంలోని ఎంజైములే మాంసాన్ని కరిగించడం మొదలుపెడతాయి. అందుకే బయటి దేశాల్లో బతికుండగా అమ్ముతారు, లేదంటే పట్టిన వెంటనే ఉడకబెడతారు. రోజుల తరబడి సముద్రంలో ఉండే ట్రాలర్‌లో తక్కువ ధర సరుకు కోసం ఐస్ ఎవరు ఖర్చు పెడతారు?

ఈ మూడో పాయింట్ గుర్తుపెట్టుకోండి. కరీంనగర్ కథ సరిగ్గా ఇక్కడే కలుస్తుంది.

మన ప్రాజెక్టుల్లో నీలి కాళ్ల రొయ్య

తెలంగాణకు సముద్ర తీరం లేదు. కానీ ఉమ్మడి కరీంనగర్, ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాలకు గోదావరి ఉంది, మానేరు ఉంది, కడెం ఉంది. 24 టీఎంసీల లోయర్ మానేరు, 27 టీఎంసీలకు పైగా నిల్వ సామర్థ్యమున్న మిడ్ మానేరు, 20 టీఎంసీల ఎల్లంపల్లి, ఎగువన నిర్మల్ సరిహద్దులో శ్రీరాంసాగర్ ఉన్నాయి. 2016లో రాష్ట్రంలో ఉచిత చేప పిల్లల పంపిణీ మొదలైంది. ఆ తర్వాత ఎంపిక చేసిన రిజర్వాయర్లలో రొయ్య పిల్లలను కూడా వదలడం మొదలుపెట్టారు.

ఆ రొయ్యే మాక్రోబ్రాకియం రోజెన్‌బర్గీ. వ్యాపారంలో స్కాంపి అంటారు. కోస్తాలో నీలకంఠ రొయ్య అనే పేరుంది. మంచినీటి రొయ్యల్లో అతి పెద్ద వాటిలో ఇదొకటి. మగది 30 సెంటీమీటర్లు దాటి పెరుగుతుంది. తల ముందు పైకి వంగిన పొడవాటి రంపం లాంటి ముక్కు, రెండో జత కాళ్లు పటకారు మాదిరిగా శరీరం కంటే పొడవుగా ఉంటాయి. బాగా ఎదిగిన మగదానికి ఆ కాళ్లు ముదురు నీలం రంగులో ఉంటాయి.

మగ రొయ్యల్లో మళ్లీ మూడు వర్గాలు. చిన్న మగవి, నారింజ కాళ్లవి, నీలి కాళ్లవి. నీలి కాళ్లది తన ఏరియాలో రాజు. దాని దగ్గరున్న చిన్నవి సరిగా ఎదగవు. దాన్ని పట్టేస్తే వెనకాల ఉన్నవి పుంజుకుంటాయి. అందుకే ఈ రొయ్యను ఒకేసారి కాకుండా పెద్దవాటిని ఏరి ఏరి పట్టడం మంచిదని నిపుణులు చెప్తారు. ఒకే చెరువులో, ఒకే రోజు వదిలిన పిల్లల్లో ఒకటి వంద గ్రాములు దాటితే ఇంకొకటి పాతిక గ్రాములు కూడా లేకపోవడానికి కారణం ఇదే. సీడ్ నాసిరకం అని ప్రతిసారీ అనుకోనక్కర్లేదు.

తూకంలో ఇంకో మతలబు ఉంది. స్కాంపికి తల పెద్దది, కాళ్లు పొడవు. తల తీసేస్తే మిగిలే తోక మాంసం మొత్తం బరువులో సగం కూడా రాదు. భీమవరం, నెల్లూరు నుంచి వచ్చే వనామి రొయ్యలో తోక వాటా సగం కంటే ఎక్కువే. అంటే కిలో ధర ఒకటే అయినా ప్లేట్లోకి వచ్చే మాంసం ఒకటి కాదు. అయితే స్కాంపి తలలోని కొవ్వు పులుసుకు ఇచ్చే రుచి వేరు. తలతో సహా వండుకునే ఇళ్లకు ఇది నష్టం బేరం కాదు.

ఉప్పు నీళ్లు లేనిదే పిల్లలు బతకవు

ఇప్పుడు అసలు పాయింట్. మానేరులో వదిలిన రొయ్యలు పెరుగుతాయి, జత కడతాయి, గుడ్లు కూడా పెడతాయి. ఎదిగిన ఆడ రొయ్య పొట్ట కింద వేల సంఖ్యలో, పెద్దదైతే 80 వేల నుంచి లక్ష దాకా గుడ్లు మోస్తుంది. దాదాపు 20 రోజులకు అవి పొదుగుతాయి. కానీ ఆ పిల్లల్లో ఒక్కటి కూడా రొయ్యగా మారదు.

కారణం ఉప్పు. గుడ్డు నుంచి వచ్చిన లార్వాకు సముద్రపు నీటిలో సుమారు మూడో వంతు ఉప్పదనం ఉన్న నీళ్లు కావాలి. మంచినీళ్లలో అయితే రెండు రోజుల్లోనే చనిపోతుంది. ఆ ఉప్పు నీటిలో తలకిందులుగా ఈదుతూ 11 దశలు దాటాకే అది బుల్లి రొయ్యగా మారుతుంది. అప్పుడు మంచినీటి వైపు ఎదురీదుతుంది. 1961లో మలేషియాలో షావో వెన్ లింగ్ అనే శాస్త్రవేత్త ఈ సంగతి కనిపెట్టేదాకా ప్రపంచంలో ఎవరికీ దీన్ని హేచరీలో పెంచడం చేతకాలేదు.

గోదావరికి ఇది కొత్త కథ కాదు. స్కాంపి చుట్టమైన గోదావరి రొయ్య కూడా నదీ ముఖద్వారం దగ్గర పిల్లలై, పిల్లలు ఎదురీదుతూ పైకి వచ్చే రకమే. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక ఆ దారికి అడ్డుగోడ పడింది. ఆ తర్వాత పైన ఒక్కో ప్రాజెక్టు వచ్చింది. ఇప్పుడు సముద్రం నుంచి మంచిర్యాల దాకా ఒక రొయ్య పిల్ల ఈదుకుంటూ రావడం జరిగే పని కాదు.

సో.. దీని అర్థం ఏంటి? బంగారు తీగ చేప చెరువులోనే గుడ్లు పెట్టి పిల్లల్ని చేస్తుంది. ఒక ఏడాది ప్రభుత్వం పిల్లలు ఇవ్వకపోయినా చెరువులో ఎంతో కొంత మిగులుతుంది. రొయ్య అలా కాదు. ఈ ఏడాది పిల్లలు వదలకపోతే, ఉన్నవి అయిపోయాక వచ్చే ఏడాది రొయ్య సున్నా. తీరంలోని హేచరీ నుంచి వందల కిలోమీటర్లు ఆక్సిజన్ కవర్లలో వచ్చే సీడ్ మీదే మొత్తం ఆధారం. టెండర్ లేటైనా, బిల్లు ఆగినా దెబ్బ తగిలేది మత్స్యకారుడి వలకే.

లేటుగా వదిలితే చలి చంపేస్తుంది

సీడ్ రావడమే కాదు, ఎప్పుడు వచ్చిందన్నదీ ముఖ్యమే. స్కాంపి బాగా పెరిగేది 26 నుంచి 31 డిగ్రీల వేడి ఉన్న నీళ్లలో. నీళ్లు చల్లబడే కొద్దీ మేత తగ్గించేస్తుంది. 14 డిగ్రీల కంటే దిగితే ప్రాణానికే ముప్పు. మార్కెట్ సైజుకు రావడానికి 5 నుంచి 7 నెలలు కావాలి.

ఉమ్మడి ఆదిలాబాద్ చలి గురించి వేరే చెప్పాలా? డిసెంబర్, జనవరిలో బేల, సిర్పూర్ వైపు రాత్రి ఉష్ణోగ్రత సింగిల్ డిజిట్‌కు పడిపోవడం ప్రతి చలికాలం వార్తే. పెద్ద ప్రాజెక్టుల్లో నీళ్లు గాలి అంత తొందరగా చల్లబడవు, నిజమే. కానీ తక్కువ లోతు చెరువుల పరిస్థితి వేరు. వానాకాలం మొదట్లో వదిలిన పిల్లకు చలి వచ్చేలోపు నాలుగు నెలల వెచ్చని నీళ్లు దొరుకుతాయి. అక్టోబర్, నవంబర్‌లో వదిలిన పిల్ల నెల తిరిగేసరికి చలిలో పడుతుంది. ఎండాకాలం వచ్చేసరికి చెరువులో నీళ్లు అడుగంటుతాయి. అంటే ఎదగాల్సిన టైమ్‌లో చలి, ఎదిగే టైమ్‌కు నీళ్లు లేవు.

పిల్ల సైజు కూడా అంతే కీలకం. హేచరీ నుంచి వచ్చే పిల్ల సెంటీమీటరు అటూ ఇటూ ఉంటుంది. దాన్ని నేరుగా వేల ఎకరాల ప్రాజెక్టులో వదిలితే కొర్రమీను, వాలుగ లాంటి చేపలకు పలహారమే. నెల, రెండు నెలలు నర్సరీ చెరువులో పెంచి, కాస్త పెద్దదయ్యాక వదిలితే బతికే ఛాన్స్ పెరుగుతుంది. ఇది మంచినీటి రొయ్యల సాగులో ప్రపంచమంతా పాటించే పద్ధతే.

కొనేవాళ్లు ఉన్నారు.. ఐస్ ఉందా?

మాంటిస్ రొయ్య విషయంలో చెప్పిన మూడో పాయింట్ గుర్తుందా? స్కాంపిదీ దాదాపు అదే జబ్బు. చనిపోయాక తలలోని జీర్ణ గ్రంథి నుంచి ఎంజైములు తోక మాంసంలోకి చేరి దాన్ని పిండిలా మెత్తబరుస్తాయి. మంచినీటి రొయ్యకు "మెత్తగా ఉంటుంది" అనే చెడ్డపేరు రావడానికి ప్రధాన కారణం ఇదే. జాతి తప్పు కాదు, పట్టిన తర్వాత జరిగే ఆలస్యం తప్పు.

పరిష్కారం రాకెట్ సైన్స్ కాదు. పట్టిన వెంటనే ఐస్ కలిపిన నీళ్లలో ముంచాలి. తర్వాత రొయ్యకు సమానంగా ఐస్ పరిచి పెట్టాలి. ఎక్కువసేపు ఉంచాలంటే తల తీసేయాలి. గతంలో మత్స్యకారులకు సబ్సిడీపై మోపెడ్లు, వాహనాలు ఇచ్చారు. కానీ తెల్లవారుజామున తెప్ప ఒడ్డుకు వచ్చే చోట ఐస్ లేకపోతే బండి ఉండీ ఏం లాభం? ఐస్ లేని మత్స్యకారుడు ఒడ్డున నిలబడ్డ వ్యాపారి చెప్పిన రేటుకే ఇవ్వాలి. గంట ఆగితే సరుకు పాడవుతుందని ఇద్దరికీ తెలుసు. బేరం అక్కడే ఓడిపోతున్నాడు.

డిమాండ్‌కు మాత్రం ఢోకా లేదు. చింతచిగురు, ఎండు రొయ్యల కూర తెలియని ఇల్లు మన దగ్గర తక్కువ. మిరుగు రోజు చేపల మార్కెట్లలో రద్దీ చెప్పక్కర్లేదు. పైగా 2025 ఆగస్టులో అమెరికా మన దేశ సరుకుపై సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు ఆంధ్ర రొయ్య రైతులు ఒక్కసారిగా ఉలిక్కిపడ్డారు. ఎగుమతుల మీదే ఆధారపడితే ఎంత రిస్కో అప్పుడు అందరికీ తెలిసొచ్చింది. దేశంలోనే రొయ్యల వాడకం పెంచాలనే మాట గట్టిగా వినిపించింది. అదే జరిగితే కరీంనగర్ మార్కెట్లో వనామి ఇంకా చౌకగా దొరకొచ్చు. అప్పుడు మానేరు రొయ్య పోటీ పడాల్సింది ధరతో కాదు.. తాజాదనంతో. పొద్దున పట్టింది మధ్యాహ్నానికి వంటింట్లో ఉండటం, ఇది భీమవరం రొయ్యకు సాధ్యం కాని పని.

ముందున్న దారి ఇదీ

మన దేశంలో స్కాంపి సాగు ఒకసారి పైకెక్కి కిందపడింది. 2000ల మధ్యలో జోరు మీదున్న సాగును తోక తెల్లబడే వైరస్ జబ్బు, నాణ్యత తగ్గిన సీడ్ దెబ్బతీశాయి. 2009 తర్వాత వనామి రావడంతో రైతులు అటు మళ్లారు. ఆ తర్వాత భువనేశ్వర్‌లోని సిఫా సంస్థ గుజరాత్, కేరళ, ఒడిశా రకాలను కలిపి వేగంగా పెరిగే మెరుగైన స్కాంపిని అభివృద్ధి చేసింది. కాబట్టి మంచి సీడ్ దొరకదన్న మాటకు ఇప్పుడు బలం తక్కువ.

ఇక హేచరీ సముద్రం పక్కనే ఉండాలన్న రూల్ కూడా లేదు. థాయ్‌లాండ్‌లో ఉప్పు మడుల నుంచి చిక్కటి ఉప్పు నీటిని ట్యాంకర్లలో లోపలి జిల్లాలకు తెచ్చి, మంచినీళ్లతో కలిపి హేచరీలు నడిపారు. లార్వాకు కావాల్సింది మూడో వంతు ఉప్పదనమే కాబట్టి ఒక ట్యాంకరు చాలా దూరం వస్తుంది. కరీంనగర్‌లో వెంటనే హేచరీ కష్టమనుకుంటే, కనీసం ప్రాజెక్టుల దగ్గర నర్సరీ చెరువులైనా పెట్టొచ్చు. ఆ పనిని మత్స్య సహకార సంఘాలకే అప్పగిస్తే ముదిరాజ్, గంగపుత్ర కుటుంబాలకు పిల్లల లెక్క, సైజు రెండూ వాళ్ల కళ్ల ముందే తేలిపోతాయి. ఎన్ని వదిలారు, ఎన్ని బతికాయి అనే గొడవ కూడా తగ్గుతుంది.

కొనేవాళ్లు చూసుకోవాల్సినవీ ఉన్నాయి. తల తోకకు గట్టిగా అంటుకుని ఉందా, తోక నొక్కితే మళ్లీ యథాస్థితికి వస్తుందా, అమోనియా లాంటి వాసన లేదా అని చూడండి. రొయ్య పడనివాళ్లు, అంటే అలర్జీ ఉన్నవాళ్లు, స్కాంపి అయినా మాంటిస్ అయినా జోలికి పోకపోవడమే మంచిది. అలర్జీ తెచ్చే ప్రోటీన్ ఈ జీవులన్నిటిలోనూ ఉంటుంది.

విశాఖ, కాకినాడ తీరంలో మాంటిస్ రొయ్య చేప పిండిగా మారడానికి, మానేరు ఒడ్డున స్కాంపి తక్కువ రేటుకు పోవడానికి మధ్య దూరం మనం అనుకున్నంత లేదు. రెండు చోట్లా సరుకు మంచిదే. వల నుంచి ఐస్ పెట్టె దాకా ఉన్న ఆ కాసేపే రేటును తేల్చేస్తోంది. ఈసారి మీ ఊరి ప్రాజెక్టులో రొయ్య పిల్లలు వదిలే ఫొటో కనిపిస్తే "ఎన్ని లక్షలు?" అని మాత్రమే అడగకండి. ఏ నెలలో వదిలారు, ఏ సైజువి వదిలారు, ఒడ్డున ఐస్ ఉందా.. ఈ మూడూ కూడా అడగండి.